ఇరవై ఏడో పేజీ

నాలుగు పుస్తకాలు అచ్చయ్యాక మనిషికి వచ్చే పెద్ద కష్టం ఏమిటంటే, ఎక్కడికి వెళ్ళినా "మీ అభిమాన రచయిత ఎవరు?" అని అడుగుతారు. ప్రతిసారీ నేను అబద్ధమే చెబుతాను. సభను బట్టి ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళ పేర్లు చెప్పి, నమస్కారం పెట్టి బయటపడతాను. వాళ్ళు గొప్పవాళ్ళు కారని కాదు. వాళ్ళని నేను తలకెత్తుకున్నది చాలా తర్వాత. ఏది మంచి పుస్తకమో నాకు మొదట చెప్పిన మనిషి రచయితే కాదు. ఆ మనిషి పేరు నాకు తెలియదు, ఆడో మగో కూడా తెలియదు. దగ్గర దగ్గర యాభై ఏళ్ళు తెలియకుండానే గడిచిపోయింది. మొన్న శ్రావణమాసంలో తెలిసింది.

ఇల్లందు నుంచి ఫోన్ వచ్చింది. "రాజీ, నేను లైబ్రరీ అనసూయమ్మను. గుర్తుపట్టినవా?" అంది అవతలి గొంతు. గొంతు గుర్తుపట్టలేదు గానీ లైబ్రరీ అనగానే పట్టాను. ఇల్లందు బస్టాండు దగ్గర కిరాయికి పుస్తకాలిచ్చే వీరయ్య సేటు భార్య. "సేటు పోయి ఏడాదైంది బిడ్డా. మా పిల్లగాడు షాపుల సెల్‌ఫోన్ల దుకాణం పెడతడంట. పుస్తకాలన్ని తూకానికి పోతున్నయి. నువ్వు రాసేదానివి గద, వచ్చి నీకు కావల్సినయి తీస్కపో. నీ నెంబరు ఎవరెవర్నో అడిగి పట్టిన," అంది. వస్తానన్నాను. మా అమ్మ ఇప్పుడు ఖానాపురం హవేలి అనే పేటలో నా దగ్గరే ఉంటుంది. ఎనభై రెండేళ్ళు. ఇల్లందు వెళుతున్నానని, ఎందుకో కూడా చెప్పాను. ఆమె చాలాసేపు నా ముఖం వైపు చూసి, "గొడుగు పట్టుకపో, ఆడ వాన పడితే వదలదు," అని మాత్రం అంది. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఊరు దాటాక నా మనసు నన్నడగకుండానే పాత క్వార్టరుకు వెళ్ళిపోయింది.

మాది బొగ్గుబాయి క్వార్టరు. వరసకు పన్నెండిళ్ళు. ఒకరింట్లో పోపు పెడితే పన్నెండిళ్ళూ తుమ్మేవి. పొద్దున్నే ప్రతి ఆడమనిషీ బొగ్గు పొయ్యిని గుమ్మం ముందు రాజేసి, నల్లపొగ తగ్గి కణకణలాడాక రెండు చేతులా పట్టుకుని లోపలికి తెచ్చుకునేది. ఆ పొగ ఆరేసిన బట్టలకూ, తలలకూ, పుస్తకాలకూ పట్టేది. వేసవిలో అడవి వైపు నుంచి గాలి వీస్తే దానికి ఇప్పపువ్వు వాసన కలిసేది. ఇప్పటికీ కొత్త పుస్తకం వాసన గురించి ఎవరైనా మురిసిపోతూ చెబితే నాకు నవ్వొస్తుంది. నేను ఎరిగిన పుస్తకాల వాసన అది కాదు.

మా ఇంట్లో నలుగురం, నాలుగు రకాల పాఠకులం. నాయన ల్యాంపు రూములో పనిచేసేవాడు. బాయిలోకి దిగేవాళ్ళకు దీపాలిచ్చి, పైకొచ్చాక వాపసు తీసుకోవడం పని. ఎవరి దీపం కొక్కానికి రాకపోతే వాళ్ళింకా భూమి లోపలే ఉన్నట్టు. ఫస్టు షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, తిని, నులక మంచం మీద పడుకుని అరచేతిలో పట్టేంత డిటెక్టివ్ నవల తెరిచేవాడు. తెరవడం తెరవడమే చివరి పేజీ. హంతకుడెవరో చూసుకుని, నెమ్మదిగా మొదటికి వచ్చేవాడు. "గట్ల చదివితే ఏం మజా నాయనా?" అని నేను గొడవపడితే, "ఎవడు బతుకుతడో ఎవడు పోతడో తెల్వకుంట కూసునుడు నాకు పొద్దంత ఉండేదే గద బిడ్డా. ఇంట్ల గూడ గదేనా?" అనేవాడు. అప్పుడు అది సోమరితనం అనుకున్నాను. ఇప్పుడైతే ఆ మాటకు ఎదురు చెప్పలేను.

నాయనమ్మకు చదువు రాదు. ఆమెకు రాజులు, మాంత్రికులు, గుహలో బందీ అయిన రాజకుమార్తెలు కావాలి. మధ్యాహ్నం అమ్మ చదువుతుంటే చేటలో బియ్యం ఏరుతూ వినేది. నచ్చని పాత్ర వచ్చిందంటే చాలు, "మల్ల వచ్చిందా ఆ దొంగముండ!" అని చేటను ఒక్క కొట్టు కొట్టేది. అమ్మ ఇష్టం వేరు. ఆమె చదివింది ఏడో తరగతి. ఒకే ఒక్క రచయిత్రి నవలలంటే ప్రాణం. ఆ నవలల్లో కథానాయిక గొడుగేసుకుని ఉద్యోగానికి వెళుతుంది, తన గది తాళంచెవి తన దగ్గరే పెట్టుకుంటుంది. ఆ తాళంచెవి దగ్గరకు రాగానే అమ్మ ఆ నాలుగు వాక్యాలు రెండోసారి చదివేది. నాయనమ్మ "అయిపాయె గద, ముందుకు పో" అని విసుక్కునేది. వంట చేస్తున్నప్పుడైతే పుస్తకం ఎడమచేతిలో, గరిటె కుడిచేతిలో. పప్పు అడుగంటిందంటే కథ మంచి పట్టులో ఉందని మాకు అర్థం. నాయన మాడు పప్పు మాట్లాడకుండా తినేసి, "ఏమైందే, పెండ్లయిందా వాళ్ళది?" అని అడిగేవాడు. నాకు ఫలానా రకం అని ఏమీ లేదు. అందరివీ చదివేదాన్ని.

వీరయ్య సేటు లైబ్రరీ అంటే ఆయన ఇంటి ముందు గదే. మూడు గోడలకు చెక్క రాకులు, మధ్యలో ఆయన కుర్చీ, వెనక ఆకుపచ్చ కర్టెన్. కర్టెన్ వెనక ఇల్లు. సేటు ఒక్క పుస్తకం చదివి ఎరగడు, పైగా అదో గొప్ప. "మిఠాయి కొట్టోడు మిఠాయి తింటడా?" అనేవాడు. చిత్రం ఏమిటంటే, "ఏది మంచిగుంటది సేటూ?" అని అడిగితే లేచి కర్టెన్ లోపలికి వెళ్ళి, ఒక పుస్తకంతో తిరిగొచ్చి, "ఇది తీస్కపో" అనేవాడు. అది ఎప్పుడూ బాగుండేది. చదవకుండానే పుస్తకం గుణం చెప్పగలిగే మనిషి అని ఊరంతా ఆయన్ని మెచ్చుకునేది.

కొత్త పుస్తకం వస్తే దాన్ని అలాగే కిరాయికి ఇవ్వరు. నాలుగు చేతులు మారేసరికి ఊడిపోతుంది. అందుకని విప్పదీసి, ఫారాలు, అంటే మడిచిన అచ్చుకాగితాల కట్టలు, వరసగా పేర్చి, గోనెసంచులు కుట్టే దబ్బనంతో గట్టి దారం వేసి కుట్టి, మైదా జిగురుతో దళసరి అట్ట అంటించేవారు. ఆ కుట్టు ఎంత బిగువంటే, లోపలి అంచు అక్షరాలు కుట్టులోకి పోయి, పుస్తకాన్ని రెండు చేతులా విరిచి పట్టుకుంటే తప్ప కనిపించేవి కావు. మొదటి పేజీ, చివరి పేజీ ఎలాగూ చినిగిపోతాయని సేటు లైబ్రరీ ముద్ర ఇరవై ఏడో పేజీలో కొట్టేవాడు. ఏ పుస్తకమైనా అదే పేజీ. దాన్నుంచి ఒక ఆచారం పుట్టింది. ఒకసారి చదివిన పుస్తకం మళ్ళీ ఇంటికి తెచ్చుకోకుండా ఎవరికి వారు ఆ ముద్ర పక్కన చిన్న గుర్తు పెట్టుకునేవారు. అట్టలు, పేర్లు పోయిన పుస్తకాలకు అంతకంటే దారి లేదు. పెన్ను గీత మాత్రం కనపడకూడదు. పెన్ను గీస్తే సేటు సభ్యత్వం తీసేస్తాడు. ఎవరో నక్షత్రం గీసేవారు, ఎవరో టిక్కు కొట్టేవారు. ఒకాయన ప్రతి పుస్తకంలోనూ బుల్లి మీసం గీసేవాడు. మా అమ్మ 27 అంకె చుట్టూ పెన్సిల్‌తో సన్నగా సున్నా చుట్టేది. నాయనకు గుర్తు అవసరం లేదు. ఎంత రుద్ది కడిగినా ఆయన బొటనవేలి నలుపు పేజీ మీద పడేది.

బడి వదిలాక పుస్తకాలు మార్చుకుని రావడం నా వంతు. రాకు ముందు నిలబడి ఒక్కో పుస్తకం తీసి ఇరవై ఏడు తెరవాలి. సున్నా ఉంటే పెట్టేయాలి, లేకపోతే తేవాలి. అలా తిప్పుతూ తిప్పుతూ ఒకరోజు చూశాను. కొన్ని పుస్తకాల్లో ముద్ర పక్కన మూడు సన్నని చిల్లులు, పొయ్యిరాళ్ళు పేర్చినట్టు. పేజీని వెలుతురుకు పెట్టి చూస్తే మూడు చుక్కల వెలుగు. మొదట కుట్టేటప్పుడు దబ్బనం జారిందేమో అనుకున్నాను. కానీ మూడూ ఎప్పుడూ ఒకే తీరులో ఉన్నాయి. ఇంటికి తెచ్చి చదివాక ఇంకో సంగతి తేలింది. చిల్లులున్న పుస్తకం తెస్తే పప్పు మాడుతుంది, నాయనమ్మ చేట కొడుతుంది. లేనిది తెస్తే అమ్మ సగంలో మూసేస్తుంది, నాయనమ్మ గోడకు ఆనుకుని నిద్రపోతుంది. నేను అమ్మకు చూపించాను. అమ్మ పేజీని ఎత్తి పట్టుకుని చూసి, "ఎవరో మనలెక్కనే ఉన్నరే రాజీ. ఎవరై ఉంటరు?" అంది. ఆ రోజు నుంచి చిల్లులు చూసే పుస్తకం తెచ్చేదాన్ని. ఒక్కటీ తప్పు పోలేదు.

పదమూడేళ్ళ పిల్లకు ఇంతకంటే ఏం కావాలి? నాయన డిటెక్టివ్ నవలలు నాకు పనికొచ్చాయి. చిల్లులంటే సూది, సూదంటే నర్సు. బాయి దవాఖానాలో ఒక నర్సమ్మ ఉండేది. లేని కడుపునొప్పి తెచ్చుకుని వెళ్ళి, ఆమె నాడి పట్టుకున్నప్పుడు, "మీరు నవలలు చదువుతరా?" అని అడిగాను. "నాకు నిద్రపోనీకే టైం దొరుకుతలేదు, నవలలా?" అని నవ్వి, నాలుక చాపమని, చేదు మందు ఒక గ్లాసు దగ్గరుండి తాగించింది. తర్వాత టైలరు మీద అనుమానం పడ్డాను. అతను సినిమా బొమ్మలు తప్ప చూడడని తేలింది. పుస్తకాలను వాసన చూడడం మొదలుపెట్టాను. ఇప్పపువ్వు వాసన వేస్తే అడవి పల్లెలో బడి చెప్పే పంతులు చదివినట్టు, దవాఖానా వాసన వేస్తే కాంపౌండరింటికి వెళ్ళొచ్చినట్టు. చిల్లులున్న పుస్తకాలకు ప్రత్యేకంగా ఏ వాసనా లేదు. మైదా జిగురు వాసన తప్ప. అది అన్ని పుస్తకాలకూ ఉండేదే. ముక్కు ముందున్నది కనపడదంటారు, ముక్కులోకి వచ్చింది కూడా నాకు అర్థం కాలేదు.

ఇక ఆగలేకపోయాను. ఒకరోజు అమ్మ చదివేసిన పుస్తకం వాపసు ఇవ్వబోయే ముందు, ఇరవై ఏడో పేజీలో, అమ్మ చుట్టిన సున్నా కిందే పెన్సిల్‌తో రాశాను. "ఈ మూడు చిల్లులు ఎవరివి? మీకు నచ్చినవే మాకూ నచ్చుతున్నాయి. మీరెవరో చెప్పండి." పెన్ను కాదు గదా, ఏమీ కాదనుకున్నాను. జవాబు కోసం వారం రోజులు రోజూ లైబ్రరీకి వెళ్ళి ఆ పుస్తకం కోసం వెతికాను. రాకులో లేదు. ఎవరో తీసుకెళ్ళారని సంబరపడ్డాను.

ఆదివారం సేటు మా ఇంటికి వచ్చాడు. చంకలో ఆ పుస్తకం. నాయన కుర్చీ వేస్తే కూర్చోలేదు. నిలబడే పేజీ తెరిచి చూపించి, "తప్పుగ అనుకోకు అన్నా. ఆ సున్న మీ ఇంటామెదని నాకు తెలుసు. చిల్లులు పెట్టేటోడు ఎవడో తెల్వదు. నా షాపుకు మగోళ్ళు సుత వస్తరు. రేపు ఒక మాటొస్తే నా షాపుకు రాదు, నీ ఇంటికి వస్తది," అన్నాడు. ఆయనకు నిజంగా మా మంచే కావాలి. అందుకే ఇంకా భయమేసింది. నాయన పేజీని చూసి చూసి, అమ్మను పిలిచాడు. నేను నాయనమ్మ పక్కన గుమ్మంలో కూర్చుని ఉన్నాను.

"ఇది నువ్వు రాసినవా?" అని అడిగాడు నాయన.

అమ్మ పుస్తకం అందుకుంది. మూడు వాక్యాలు చదవడానికి పట్టేదానికంటే ఎక్కువసేపు చూసింది. నా వైపు మాత్రం చూడలేదు.

"అవ్, నేనే రాసిన," అంది.

"ఎవరికి?"

"ఎవరో తెల్వకనే గద అడిగిన."

నాయనమ్మ "ఓసి పిచ్చిదానా!" అని నెత్తి కొట్టుకుంది. సేటు తల దించుకుని, పుస్తకం తీసుకుని వెళ్ళిపోయాడు. నాయన అరవలేదు. అరిస్తే నేను ఏడ్చి నిజం చెప్పేదాన్నేమో. ఆయన మంచం మీద కూర్చుని, "ఇగ ఆ పుస్తకాలు మనింటికి వద్దు," అన్నాడు. అంతే. ఇంట్లో ఉన్న రెండు పుస్తకాలు ఆ సాయంత్రమే వాపసు వెళ్ళాయి. అమ్మ చదువుతున్నది సగంలో ఉంది. అంతకు ముందు ఏడాదే మా వరస ఆఖరింటి పద్మక్కను, సైన్సు పుస్తకంలో ఎవరిదో చీటీ దొరికిందని తొమ్మిదో తరగతిలో బడి మాన్పించి ఆరునెలలు తిరక్కుండా పెళ్ళి చేశారు. ఆ క్షణంలో నాకది గుర్తొచ్చిందో లేదో ఇప్పుడు చెప్పలేను. రాసింది నేనని మాత్రం చెప్పలేదు. నేను పిరికిదాన్ని, అంతకు మించి చెప్పుకోవడానికి ఏమీ లేదు.

శిక్ష అందరికీ పడింది. నాయన తన డిటెక్టివ్ నవలలు కూడా మానేసి, మంచం మీద పడుకుని పైకప్పు రేకులు చూసేవాడు. నాయనమ్మ మూడు రోజులు బిగబట్టి, నాలుగో రోజు అమ్మనే అడిగింది. "ఆ రాజు బిడ్డను గుహల పెట్టిన్రు గద. బయటికొచ్చిందా, లేదా?" అమ్మ "ఏమో అత్తమ్మా, ఆడిదాంకనే అయింది," అంది. నిజానికి శిక్ష తప్పించుకున్నది నేనొక్కదాన్నే. బడిలో ఒక బీరువా నిండా పుస్తకాలుండేవి. తెలుగు టీచరుకు నేనంటే ఇష్టం. మధ్యాహ్నం అన్నం బెల్లులో అక్కడే కూర్చుని చదివేసి వచ్చేదాన్ని. ఇంటికి రాగానే అమ్మ, "ఇయ్యాల బడిల ఏం చదివిన్రు?" అని అడిగేది. నేను లెక్కలు, సాంఘికం, పాఠాల పేర్లు చెప్పేదాన్ని. ఆమె అడిగింది వాటి గురించి కాదని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. తర్వాత తర్వాత అమ్మ కిరాణా పొట్లాలు విప్పి, ఆ కాగితం ముక్క మీది సగం కథ, సగం వార్త పొయ్యి దగ్గర నిలబడి చదువుకోవడం చూశాను. చదివి, నీట్‌గా మడిచి, డబ్బా కింద పెట్టుకునేది.

నేను ఉద్యోగంలో చేరాక మొదట కొన్నది ఆమె రచయిత్రి నవలలే. అమ్మ సంతోషంగా తీసుకుని, దులిపి, షెల్ఫులో పెట్టింది. చదవలేదు. "పని తెమలట్లే" అనేది, తర్వాత "చూపు ఆనట్లే" అనేది. కంటి ఆపరేషన్ అయ్యాక ఆ మాట కూడా లేదు, ఊరికే నవ్వేది. నా పుస్తకాలు వచ్చినప్పుడు అట్ట మీద పేరు వేలితో తడిమింది. లోపల చదివిందో లేదో అడగడానికి నాకు మొహం చెల్లలేదు. ఎవరైనా నా అభిమాన రచయిత ఎవరని అడిగితే, ఆ తప్పు గుర్తొచ్చి, నోటికొచ్చిన పేర్లు చెప్పేదాన్ని.

ఇల్లందులో బస్సు దిగి వెళ్ళేసరికి అనసూయమ్మ గుమ్మంలోనే ఎదురుచూస్తోంది. చిన్న మనిషి, వంగిపోయింది. ముందుగదిలో పుస్తకాలను అప్పటికే తాళ్ళతో కట్టలు కట్టేశారు. ఆమెను నేను చిన్నప్పుడు సరిగ్గా చూసింది కూడా లేదు, కర్టెన్ కింద పాదాలు కనిపించేవి అంతే. టీ ఇచ్చి, కట్టలు విప్పి ముందు పోసింది. చెయ్యి పాత అలవాటునే పోయింది. ఒక పుస్తకం తీసి ఇరవై ఏడు తెరిచాను. ముద్ర, నక్షత్రం, మీసం, మూడు చిల్లులు. వెలుతురుకు పట్టుకున్నాను.

"అది నేను పెట్టిందే," అంది అనసూయమ్మ, చాలా మామూలుగా.

నేను పుస్తకం దించి ఆమె వైపు తిరిగాను.

"మరి ఈ పుస్తకాలు కుట్టింది ఎవరనుకున్నవ్ బిడ్డా? ఫారాలు వరస పెట్టుకుంట చదివేదాన్ని. మంచిగుంటే దబ్బనంతోటి మూడు పోట్లు. సేటు వచ్చి ఏదియ్యాలె అంటే, అవి చూసి చెప్పేదాన్ని."

"మీరు చదువుతరని సేటుకు తెల్సా?"

"తెలిస్తే ఇంకేమన్న ఉన్నదా? చదువుకుంట కూసుంటే కుట్టుడెప్పుడు, అని ఆ పని ఇంకోళ్ళకు ఇస్తుండె. ఏది ఎక్కువ నలిగిందో కుట్టేదానికి తెల్వదా అని చెప్పిన. నమ్మిండు." కొంటెగా నవ్వింది. నవ్వు అయిపోయాక ముఖం మారింది. "మీ అమ్మ నన్ను తిట్టుకుంటదా?"

అప్పుడు చెప్పింది. సేటు ఆ పుస్తకం పట్టుకుని మొదట లోపలికే వచ్చాడట. గిట్లాంటి ఆడోళ్ళు గూడ ఉన్నరు చూడు, అని ఈమెకే చూపించాడట. "మీరెవరో చెప్పండి అని రాసి ఉన్నది. నాకు పెండ్లయినంక నన్ను ఆ మాట అడిగినోళ్ళు లేరు బిడ్డా. జవాబు రాద్దామని పెన్సిల్ గూడ తీసిన. అంతలకే పుస్తకం బీరువాల పెట్టి తాళమేసిండు. మీ ఇంటికి పోతుంటే, ఆ చిల్లులు నాయే అనాల్నని నోటిదాంక వచ్చింది. అంటే నా చదువు పోతది. నేను అనలే." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "తర్వాత గూడ మంచిగున్న ప్రతి పుస్తకంల పెట్టిన. మీ అమ్మ మల్ల వస్తదేమో అని. వాపసు వచ్చిన పుస్తకం వచ్చినట్టు తెరిచి చూసేదాన్ని. ఒక్కదాంట్ల గూడ ఆ సున్న రాలే."

ఆమె మీద కోపం రావాలి. రాలేదు. కోప్పడే హక్కు నాకెక్కడిది? "అది రాసింది మా అమ్మ కాదు పెద్దమ్మా, నేను," అన్నాను. జీవితంలో మొదటిసారి ఆ మాట పైకి అన్నాను, అదీ అమ్మతో కాదు. అనసూయమ్మ "మరి ఆమె ఎందుకు ఒప్పుకున్నది?" అంది. నాకు తెలియదన్నాను. ఇద్దరం ఆ పుస్తకాల మధ్య కూర్చుని నేను తీసుకెళ్ళేవి ఏరాం.

సంచీ నిండా పుస్తకాలతో తిరుగు బస్సెక్కాను. మా పై వాటాలో కాలేజీ చదివే అమ్మాయి ఉంది. తను చదివిన ప్రతి పుస్తకానికీ ఫోన్లో ఫోటో పెట్టి నక్షత్రాలిస్తుంది. ఎక్కడెక్కడి వాళ్ళో, ముక్కూ మొహం తెలియని వాళ్ళు, "మీకు నచ్చినవే నాకూ నచ్చుతాయి, మీరెవరు?" అని కింద రాస్తారు. ఈమె జవాబిస్తుంది. వాళ్ళమ్మ పక్కనే కూర్చుని చూసి నవ్వుతుంది. నేను రాసింది సరిగ్గా ఆ మాటే గదా అనిపించింది. అప్పటి రోజులే మంచివని అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను అనలేను. కాకపోతే ఆ అమ్మాయికి జవాబు ఇట్టే వస్తుంది కాబట్టి, పుస్తకాన్ని వాసన చూసి మనిషిని వెతకాల్సిన పని ఎప్పటికీ పడదు. అది లాభమో నష్టమో నేనింకా తేల్చుకోలేదు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ వరండాలో కూర్చుని తోటకూర తుంచుతోంది. సంచీ వైపు చూడలేదు, వాన గురించి అడగలేదు.

"ఎవరియంట ఆ చిల్లులు?" అంది.

చెప్పాను. అమ్మ చేతిలోది చేతిలోనే పెట్టుకుని నవ్వింది. "సేటు పెండ్లామా! చిల్లులు పెట్టేటోడు ఎవడో అని ఇంటిమీదికొచ్చిండు, ఆయన పెండ్లామేనా!" అని కళ్ళ వెంట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆమె అంతగా నవ్వడం నేను ఎన్నేళ్ళుగానో చూడలేదు. నవ్వు సద్దుమణిగాక, "నీ కోసం చాలా ఏళ్ళు ఎదురుచూసిందట అమ్మా," అన్నాను. అమ్మ తల ఊపింది. నేను పక్కన కూర్చున్నాను.

"అమ్మా, ఆ రాత..."

"నీదే. నాకు తెల్వదా? నేను చెయ్యి పట్టి దిద్దిచ్చిన అక్షరాలు."

"మరి నువ్వే రాసినవని ఎందుకు చెప్పినవ్?"

"పద్మను ఏం చేసిన్రో చూడలేదా? నీ పేరు చెప్తే నీ బడి పోతది. నా పేరు చెప్తే ఏం పోతది, పుస్తకాలే గద అనుకున్న." ఇంకో రెండు కాడలు తుంచి పళ్ళెంలో వేసింది. నేను ఏడుస్తున్నానని చూసి, తడి చేతితోనే నా వీపు నిమిరింది.

"పుస్తకాలే గద అనుకున్న గని," అంది, "శాన కష్టమైంది బిడ్డా."